చేనేత చీరల కొట్టులో వాట్సాప్ బిజినెస్: కొన్నేళ్ళు వాడాక

మాది మంగళగిరిలో చేనేత చీరల కొట్టు. చీరలతో పాటు డ్రెస్ మెటీరియల్, మీటర్ల లెక్కన గుడ్డ కూడా అమ్ముతాం. 2020 లాక్‌డౌన్‌లో కొట్టు మూతపడ్డప్పుడు వాట్సాప్‌వాళ్ళే వ్యాపారాల కోసం ఇచ్చే వాట్సాప్ బిజినెస్ యాప్ మొదలుపెట్టాం. ఇప్పటికీ రోజూ వాడుతున్నాం. ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా ఉంది. రెండిట్లో ఒక్కటే ఉంచుకోమంటే మాత్రం వాట్సాప్‌నే ఉంచుకుంటాను. చిన్న కొట్టును నిలబెట్టేది ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ రావడమే. దానికి ఇంతకన్నా పనికొచ్చేది నాకింకా కనపడలేదు.

కొత్తగా పెట్టుకునేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా వెళ్ళేలా పెట్టుకునే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదాంట్లో 256 మందిని చేర్చుకోవచ్చు. కానీ మన నంబరును ఎవరు సేవ్ చేసుకున్నారో వాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. స్టేటస్ కనపడాలంటే వాళ్ళ నంబరు మన దగ్గర, మన నంబరు వాళ్ళ దగ్గర ఉండాలి. ఎక్కడో నంబర్ల లిస్టు సంపాదించి అందరికీ పంపుదామంటే అది జరిగే పని కాదు. కాబట్టి అసలు మార్కెటింగ్ బిల్లు దగ్గరే జరగాలి. "కొత్తవి దిగినప్పుడు ఫొటోలు పెడతామమ్మా, మా నంబరు సేవ్ చేసుకోండి" అని అడుగుతాం. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేసి "హాయ్" అని పంపితే చాలు. మేము సేవ్ చేసేటప్పుడు పేరు ఒక్కటే రాయం, "తెనాలి టీచరుగారు, లేత రంగులు" అన్నట్టు రాసుకుంటాం. ఆరు నెలల తర్వాత లేత గులాబీ చీర దిగితే ఆవిడకి విడిగా ఒక ఫొటో వెళ్తుంది. అలా పంపినదానికి జవాబు రాకపోవడం తక్కువ. గుడ్ మార్నింగ్‌లు, పండగ పోస్టర్లు మాత్రం అస్సలు పంపం. జనం మ్యూట్ చేసేది వాటికే.

చాట్‌లకు గుర్తుగా తగిలించుకునే లేబుల్స్, ముందే రాసి పెట్టుకునే జవాబులు అంటే క్విక్ రిప్లైలు బాగున్నాయి. అడ్రసు, ఖాతా వివరాలు, కొరియర్ ఛార్జీలు రోజంతా టైపు చేసే బాధ తప్పింది. స్లాష్ కొట్టి ఒక ముక్క రాస్తే మొత్తం వచ్చేస్తుంది. కేటలాగ్ విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. అందులో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, కానీ చేనేత చీర చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. పొద్దున కొట్టులో అమ్ముడైన చీర కేటలాగ్‌లో సాయంత్రం దాకా ఉంటే అడిగినవాళ్ళకి కోపం వస్తుంది. అందుకని ఎప్పుడూ స్టాకుండే ప్లెయిన్ కాటన్ గుడ్డ వరకే కేటలాగ్‌లో పెట్టి, విడి చీరలు స్టేటస్‌లో పెడతాం. ఇరవై నాలుగు గంటల్లో దానంతటదే పోతుంది, ఈలోగా అమ్ముడైతే తీసేస్తాం. పెట్టే ప్రతి ఫొటో మీదా ధర ఉంటుంది. "ధర కోసం మెసేజ్ చేయండి" అనే పద్ధతి నాకు నచ్చదు. కొనేవాళ్ళకి అది అనుమానం పుట్టిస్తుంది.

ఫోన్లో చీర అమ్మడంలో అన్నిటికన్నా కష్టం రంగు. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకో రంగు పడిన డబుల్ షేడ్ చీర ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. "అక్కా, ఇది చిలకపచ్చా, బాటిల్ గ్రీనా?" అని హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి అడిగితే ఫొటోతో తేల్చలేం. పొద్దున పదింటప్పుడు గుమ్మం దగ్గర నేరుగా ఎండ పడని చోట నిలబడి, చీరను ముంజేతి మీద వేసుకుని, మెల్లగా తిప్పుతూ వీడియో తీస్తాం. ఫ్లాష్, ఫిల్టర్ ఉండవు. అంచు దగ్గరికి రాగానే కాసేపు ఆపి నిజాం అంచులో (కోసుగా మొనలు తేలే జరీ అంచు) ఆ మొనలు ఒక్కొక్కటీ కనిపించేలా తీస్తాం. తర్వాత వెనక్కి తిప్పి వెనకవైపు నేత కూడా చూపిస్తాం. పక్కన తెల్ల కాగితం పెడితే రంగు ఇంకాస్త సరిగ్గా అందుతుంది. ఆ కాగితం మీదే కొట్టు పేరు, తేదీ రాస్తాం. మా ఫొటోలు తీసుకుని పవర్‌లూమ్ సరుకు అమ్మినవాళ్ళున్నారు, అందుకని ఇది తప్పనిసరి అయింది. మొదటి ఉతుకులో కాస్త రంగు దిగే చీరైతే ఆ మాట కూడా వీడియోలోనే చెప్తాం. అలా చెప్పడం మొదలుపెట్టాక వెనక్కి వచ్చే చీరలు బాగా తగ్గాయి.

ఇన్‌స్టాగ్రామ్ చేసే పని వేరు. గుంట మగ్గం మీద పేక దారాన్ని మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తే రీల్ పెడితే దేశమంతా చూస్తుంది. చూసినవాళ్ళలో కొనేవాళ్ళు బహు తక్కువ. అయినా మానను. కొత్తగా ఎవరైనా ముందుగా డబ్బు పంపాలంటే వీళ్ళు నిజంగా ఉన్నారా అని వెతుక్కునేది అక్కడే. నేతన్నల ముఖాలు అడగకుండా తీయం. చేతులు, మగ్గం చాలు. ఫాలోవర్లు పెంచుతామని ఒక ఏజెన్సీ వాళ్ళు మా దగ్గర డబ్బు తీసుకున్నారు. అంకె పెరిగింది కానీ వచ్చినవాళ్ళలో చీర గురించి అడిగినవారే లేరు. దాని బదులు శ్రావణమాసం ముందు, పెళ్ళిళ్ళ సీజన్ ముందు గుంటూరు, విజయవాడ వరకు పరిమితం చేసి, నొక్కితే నేరుగా వాట్సాప్‌కి వచ్చే ప్రకటన వేస్తాం. ప్రకటన ఖర్చు మీద పడే 18 శాతం జీఎస్‌టీ కూడా బడ్జెట్లో లెక్కేసుకోవాలి. ఆషాఢంలో, మూఢంలో మేము పైసా పెట్టం.

మా ఊరి పానకాల స్వామి దర్శనానికి వచ్చి, అటునుంచి చీరలు కొనుక్కుపోదామనుకునేవాళ్ళు ఫోన్లో చూసేది గూగుల్ మ్యాప్‌నే. అక్కడ వేళలు, ఫొటోలు సరిగ్గా పెట్టడం ఉచితం, దాన్ని నిర్లక్ష్యం చేయొద్దు.

డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పెడితే దాన్ని నమ్మొద్దు. మాకు దొంగ స్క్రీన్‌షాట్ పంపి, "అర్జెంటు, కొరియర్ అబ్బాయి బయటే ఉన్నాడు" అని తొందరపెట్టినవాళ్ళున్నారు. ఖాతాలో పడిందని చూశాకే పార్సిల్ కట్టాలి. రాత్రి పదకొండింటికి అమెరికా నుంచి వచ్చే మెసేజ్‌ల టెన్షన్ ఉంటే మనం లేనప్పుడు దానంతటదే వెళ్ళే జవాబు (యాప్‌లో "Away message") పెట్టుకుని పడుకోండి. పొద్దున జవాబిచ్చినా వాళ్ళేమీ అనుకోరు.

ఇన్నేళ్ళలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన ఉపయోగం ఇంకోటుంది. మగ్గానికి పడుగు ఎక్కిస్తే ఒక్క చీరతో అయిపోదు, అదే పడుగు మీద వరసగా కొన్ని చీరలు నేయాలి. ఒక్కరు వంకాయ రంగు కావాలంటే ఇదివరకు కుదరదనేవాళ్ళం, మిగతావి అమ్ముడవకపోతే నష్టం కాబట్టి. ఇప్పుడు నూలు రంగు ఫొటో తీసి, "ఈ రంగు పడుగు ఎక్కిస్తున్నాం, పేక మీకు నచ్చింది చెప్పండి" అని స్టేటస్ పెడతాం. సరిపడా మంది అడ్వాన్సు ఇచ్చాకే నేతన్నకి చెప్తాం. మగ్గం ఎక్కకముందే ఆ పడుగు చీరలన్నిటికీ కొనేవాళ్ళు ఉంటున్నారు. మజూరీ కోసం చీర అమ్ముడయ్యేదాకా ఆగమని ఆయనకి చెప్పాల్సిన అవసరం ఉండటంలేదు.