చిల్టర్న్ కొండల్లో ఏడేళ్ళు: రెడింగ్ నుంచి నేను తొక్కే సైకిల్ దారులు

2018 ఏప్రిల్లో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో రోడ్ బైక్ కొన్నా, అప్పట్నుంచి ఏడేళ్ళు ఇంచుమించు ప్రతి శనివారం పొద్దున్నే థేమ్స్ దాటి కావర్‌షమ్ మీదుగా చిల్టర్న్ కొండల్లోకి వెళ్ళొస్తున్నా. ఇక్కడ మనవాళ్ళు చాలామంది సైకిల్ కొనుక్కుని నది పక్కన చదునుగా ఉన్న దారిలో నాలుగు వారాలు తిరిగి షెడ్డులో పడేస్తుంటారు, అది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అసలు బాగుండేదంతా అక్కణ్ణించి ఇంకో అరగంట దూరంలో మొదలవుతుంది.

ముందు కొండ సంగతి చెప్తా. చిల్టర్న్స్ మొత్తంలో ఎత్తైన చోటు 267 మీటర్లే, అరకు ఘాట్ రోడ్డు ఎక్కిన వాళ్ళకి ఇది కొండే కాదనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ ఇక్కడ ఒకటే పెద్ద ఎక్కుడు ఉండదు, ఎక్కుతాం దిగుతాం మళ్ళీ ఎక్కుతాం, దిగినప్పుడు దక్కిన వేగం కింద మలుపులోనే పోతుంది, మళ్ళీ మొదట్నుంచీ తొక్కాలి. నా మామూలు రౌండు 65 కిలోమీటర్లు, ఇంటికొచ్చేసరికి మీటర్‌లో మొత్తం ఎక్కింది 800 మీటర్ల దగ్గర చూపిస్తుంది. సైకిల్ అమ్మిన షాపులో ఇక్కడ కొండలు చిన్నవే అని చెప్పి వెనక 11-25 కాసెట్ (వెనక చక్రానికుండే పళ్ళచక్రాల వరస, చిన్నదానికి 11 పళ్ళు, పెద్దదానికి 25, పెద్దది ఎంత పెద్దదైతే ఎక్కడం అంత తేలిక) ఉన్న బండి ఇచ్చారు, దాంతో మొదటి రెండేళ్ళు నా మోకాళ్ళు అరిగిపోయాయి, తర్వాత 11-34 వేయించా (దానికి వెనక డిరైలర్, అంటే గేరు మార్చే భాగం కూడా మార్చాల్సొచ్చింది), ముందు వైపు చిన్న పళ్ళచక్రం ఎలాగూ 34 పళ్ళదే కాబట్టి ఇప్పుడు ఎంత నిట్టనిలువు దారైనా కూర్చునే ఎక్కేస్తా. కొత్తగా కొనేవాళ్ళు ఫ్రేమ్ బరువు గురించి కాదు, ఈ కాసెట్ గురించి అడగండి.

ఇంకో విషయం నాకు మూడో ఏడు గానీ అర్థం కాలేదు. ఈ కొండలన్నీ సుద్దరాయి. వాన పడితే నీళ్ళు పైన నిలవవు, ఇంకిపోతాయి, అందుకే చాలా లోయల్లో వాగే ఉండదు, వాగు ఉండాల్సిన చోట రోడ్డు ఉంటుంది. ఆ లోయ వెంబడి పోయే రోడ్డు మెల్లగా, తెలియకుండా ఎక్కుతుంది, అదే ఒక లోయలోంచి పక్క లోయలోకి గట్టు అడ్డంగా దాటే రోడ్డు మాత్రం ఊపిరి తీసేస్తుంది. ఆర్డ్నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాప్‌ల సంస్థ) మ్యాప్‌లో ఇలాంటి చోట్ల రోడ్డు మీద బాణం గుర్తు ఉంటుంది, ఒక బాణం అంటే 14 నుంచి 20 శాతం వాలు, రెండు బాణాలంటే అంతకన్నా ఎక్కువ. అది చూడ్డం వచ్చాక ఒంట్లో ఓపికని బట్టి దారి ఎంచుకోవచ్చు, బాగుంటే గట్లు దాటండి, రాత్రి నిద్ర చాలకపోతే లోయ పట్టుకు పొండి.

నా రౌండు ఇలా. కావర్‌షమ్ దాటి సోనింగ్ కామన్, అక్కణ్ణించి స్టోక్ రో. స్టోక్ రోలో ఆగకుండా నేనెప్పుడూ ముందుకి పోను. అక్కడ రోడ్డు పక్కన చిన్న గుమ్మటం, ఇనుప స్తంభాలు, లోపల నీళ్ళు తోడే యంత్రం మీద బంగారు రంగు ఏనుగు బొమ్మ ఉంటాయి, ఇంగ్లండ్ పల్లెటూళ్ళో ఇదేంటి అని మొదటిసారి బ్రేక్ వేసి ఆగిపోయా. అది కాశీ మహారాజు తవ్వించిన బావి! ఈ పక్కనే ఇప్స్‌డెన్‌కి చెందిన ఎడ్వర్డ్ రీడ్ అని మన ఉత్తరాదిలో పెద్ద అధికారిగా పనిచేశాడు, ఆయనే ఒకసారి కాశీ రాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో మా ఊరి వైపు వేసవిలో నీళ్ళకి కటకట, ఇంట్లో మిగిలిన కాసిని నీళ్ళు తాగేశాడని ఒక పిల్లాణ్ణి వాళ్ళమ్మ కొట్టడం చూశానని చెప్పాడట, రాజు అది గుర్తుపెట్టుకుని డబ్బిచ్చి తవ్వించాడు, 1864లో తెరిచారు. లోతు 368 అడుగులు, వెడల్పు 4 అడుగులే, అంతా చేత్తో తవ్విందే. పైన చెప్పిన సుద్దరాయి సంగతి ఇక్కడ కళ్ళకి కనిపిస్తుంది, నీళ్ళు అంత కిందకి ఇంకిపోయి ఉన్నాయన్నమాట. 2023లో నాన్న ఒంగోలు నుంచి వచ్చినప్పుడు కార్లో తీసుకొచ్చి చూపించా. బావి ఒరలోకి వంగి చాలాసేపు చూశాక, "ఒక్క మనిషి పట్టే సందులో అంత లోతు దిగారంటే దీపం ఎట్లా నిలబడిందిరా, గాలి ఆడదే" అన్నారు, మా వైపు బావుల్లో దిగేవాళ్ళు ముందు దీపం దించి చూసేవాళ్ళు కాబట్టి ఆయనకి వచ్చిన మొదటి ఆలోచన అది. నాకు అన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. పులిహోర ఫాయిల్‌లో చుట్టి జెర్సీ వెనక జేబులో పెట్టుకొస్తా, ఆ బావి పక్క బల్ల మీద కూర్చుని తింటా, ఎనర్జీ జెల్‌ల కన్నా నా కడుపుకి అదే పడుతుంది.

అక్కణ్ణించి నెటిల్‌బెడ్ మీదుగా క్రిస్మస్ కామన్. ఈ పైన గట్టు మీద రోడ్డు రెండు వైపులా బీచ్ చెట్లు, మే మొదట్లో వాటి కింద నేలంతా నీలంగా బ్లూబెల్ పూలు పరుచుకుంటాయి. పైన గద్దలు, తోక రెండుగా చీలి ఉంటుంది, ఎర్రగా. ఇంగ్లండ్‌లో ఇవి పూర్తిగా పోతే 1989 నుంచి 1994 దాకా స్పెయిన్ నుంచి తెచ్చి ఇక్కడే వదిలారు, ఇప్పుడు ఎటు చూసినా అవే, ఎక్కేటప్పుడు పైన ఈల వేసినట్టు అరుస్తుంటే నాకు తోడున్నట్టే ఉంటుంది. వాట్లింగ్టన్ హిల్ మీద నిలబడితే ఆక్స్‌ఫర్డ్ వైపు మైదానం అంతా కనిపిస్తుంది, నేను మొదలుపెట్టిన ఏడాది దూరంగా డిడ్‌కాట్ పవర్ స్టేషన్ కూలింగ్ టవర్లు మూడు కనపడేవి, 2019 ఆగస్టులో కూల్చేశారు. ఓపికుంటే కింద వాట్లింగ్టన్ ఊళ్ళోకి దిగి మళ్ళీ అదే కొండ ఎక్కండి, నాకు అది నెలకోసారి పరీక్ష లాంటిది. ఇంకా గట్టిది కావాలంటే ఉత్తరాన ప్రిన్సెస్ రిస్‌బరో దగ్గర కాప్ హిల్, పై భాగంలో 25 శాతం, 1910 నుంచి 1925 దాకా కార్లకీ మోటర్ సైకిళ్ళకీ అక్కడ పందేలు పెట్టేవాళ్ళు. రెండుసార్లు ఎక్కా, రెండుసార్లూ ఇంటికి రైల్లోనే వచ్చా.

దిగుడు నార్త్‌ఎండ్ నుంచి టర్విల్‌కి, పైన గట్టు మీద గాలిమర, తర్వాత ఫింజెస్ట్‌లో రెండు కప్పుల చర్చి గోపురం, అక్కణ్ణించి స్కర్మెట్, హాంబుల్డెన్ దాకా లోయ రోడ్డు. నన్నడిగితే మొత్తం రౌండులో ఈ ముక్కే బెస్ట్, పెడల్ మీద కాలు ఊరికే ఆన్చినా బండి పోతూ ఉంటుంది. ఈ లోయలో మాత్రం హాంబుల్ బ్రూక్ అని చిన్న వాగుంది, అదీ ఎండాకాలం ఎండిపోయి చలికాలం వానలు బాగా పడ్డాకే పారుతుంది, 2024 ఫిబ్రవరిలో రోడ్డు పక్కన ఆ నీళ్ళు గలగలా పోతుంటే దిగి బండి నడిపించుకుంటూ వెళ్ళా.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటిది చెకుముకి రాయి. సుద్దలో ఇది గుత్తులుగా ఉంటుంది, వాన పడగానే ముక్కలు గట్ల మీంచి రోడ్డు మధ్యకి కొట్టుకొస్తాయి. ఒక అక్టోబర్‌లో మెయిడెన్స్‌గ్రోవ్ కింద టైర్ పోయింది, విప్పి లోపల వేలితో తడిమితే బియ్యం గింజంత నల్లటి ముక్క, గాజు పెంకులా, బొటనవేలు కోసుకుపోయింది, తడి చేతులకి టైర్ విప్పే లీవర్ జారుతోంది, ఉన్న రెండు ట్యూబులూ అయిపోయాయి, ఫోన్‌కి సిగ్నల్ లేదు, మూడు కిలోమీటర్లు నడిచాక మా ఆవిడకి కాల్ కలిసింది. అప్పట్నుంచి 25 మిల్లీమీటర్ల టైర్లు తీసేసి 32వి, ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేనివి) వేశా, మూడేళ్ళలో రోడ్డు మీద ఆగింది ఒక్కసారే. శరత్కాలంలో రైతులు కంచెలు కత్తిరిస్తారు, ఆ వారాల్లో హాథార్న్ అనే కంచె చెట్టు ముళ్ళు కూడా ఉంటాయి, నేలంతా తడి ఆకులు, వంపుల్లో ముందు చక్రం బ్రేక్ గట్టిగా పట్టకండి.

రెండోది, ఫోన్ యాప్ చెప్పిన దారి గుడ్డిగా నమ్మకండి. నేను వాడిన ఒక యాప్ నన్ను బ్రైడిల్‌వేలోకి, అంటే గుర్రాల దారిలోకి పంపించింది, సైకిల్‌కి అనుమతి ఉన్నమాట నిజమే కానీ సుద్ద మట్టి తడిస్తే సబ్బులా ఉంటుంది, చక్రం ఫ్రేమ్‌కి అంటుకుపోయి కదల్లేదు. గుర్రాలు ఎదురైతే మాత్రం దూరం నుంచే హలో అని పిలిచి, మెల్లగా పక్కకి జరిగి వెళ్ళాలి, వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్తే బెదిరిపోతాయి.

కార్లు? ఒక్క కారు పట్టే సందుల్లో కూడా చాలాచోట్ల స్పీడ్ లిమిట్ గంటకి 60 మైళ్ళు. 2022 జనవరి నుంచి హైవే కోడ్‌లో, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకంలో, సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్లు వదలాలని రాశారు, ఎక్కువమంది వదులుతారు కూడా, కానీ మలుపు అవతల ట్రాక్టర్ ఉందనుకునే దిగండి. చలికాలం ఉప్పు పెద్ద రోడ్ల మీదే చల్లుతారు, సందుల్లో చల్లరు, సున్నాకి దగ్గరున్న రోజు నేను బయటికి తీయను.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు మే నెల శనివారం ఏడింటికి బయల్దేరి స్టోక్ రో బావి దాకా వెళ్ళి వెనక్కొచ్చేయండి, 30 కిలోమీటర్ల పైచిలుకు, అది చాలు. పూర్తి రౌండు కొట్టేవాళ్ళు హాంబుల్డెన్ తర్వాత వచ్చే హెన్లీ ఊరి నుంచి పెద్ద రోడ్డు మీద రెడింగ్‌కి రాకండి, ట్రాఫిక్‌తో ప్రాణం విసుగెత్తుతుంది, కుడివైపు హార్ప్స్‌డెన్ సందులోకి తిరగండి, ఒక చిన్న ఎక్కుడు ఉంటుంది, కాళ్ళలో ఏమీ మిగలని టైంలో వస్తుంది, దాని కోసం పులిహోర రెండు ముద్దలు దాచుకోండి, తర్వాత బిన్‌ఫీల్డ్ హీత్ మీదుగా కావర్‌షమ్ దాకా పెద్ద కష్టమేం ఉండదు.