మాస్టరు కళాకారులకే వదిలే లేబుల్: కోనసీమ నుంచి ఒక సమీక్ష

అమలాపురానికి దగ్గరలో ఒక ఇంటి మేడ మీద నడుస్తున్న చిన్న స్వతంత్ర రికార్డు లేబుల్‌తో మా బుర్రకథ దళం ఇటీవల ఒక ఆల్బమ్ చేసింది. దళం తరఫున ఒప్పంద పత్రాలు చూసే బాధ్యత నాది కనుక, ధ్వని నాణ్యత కన్నా ఆ పత్రం గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

క్యాసెట్ల కాలంలో ఒక కంపెనీ మా దళం పెద్దల చేతిలో గుత్తగా కొంత సొమ్ము పెట్టి సంతకాలు తీసుకుంది. ఆ క్యాసెట్లు ఎన్ని అమ్ముడుపోయాయో నేటికీ మాకు తెలియదు. మన కాపీరైట్ చట్టం ధ్వనిముద్రణకు నిర్మాతనే కర్తగా గుర్తిస్తుంది, ఆ హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి వేరే ఏదీ రాసుకోకపోతే రికార్డు మీద హక్కు కళాకారుడికి దక్కదు. ఈ లేబుల్ పత్రంలో మాత్రం మాస్టరు, అంటే అసలు రికార్డింగ్, దళానిదే అని మొదటి పేజీలోనే ఉంది. లేబుల్‌కు ఉన్నది అయిదేళ్ల లైసెన్సు మాత్రమే, గడువు తీరాక కొనసాగించాలంటే మళ్లీ మమ్మల్ని అడగాలి. పత్రం తెలుగులో ఉంది. కథకుడితోనే సరిపెట్టకుండా వంతలిద్దరికీ చదివి వినిపించి, వారి వాటాలు కూడా విడిగా రాశారు. పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ హక్కును రికార్డు సంస్థకు వదులుకోవడం 2012 సవరణ తరువాత చెల్లదన్న సంగతిని లేబుల్ వారే మాకు వివరించారు; అలా చెప్పిన సంస్థను నేను ఇంతకు ముందు చూడలేదు.

ఖర్చులు పోగా మిగిలింది చెరి సగం. మూడు నెలలకొకసారి వచ్చే లెక్కల కాగితంలో మైకుల అద్దె, మిక్సింగ్, కవరు బొమ్మ వేరువేరు వరుసల్లో ఉంటాయి. రికార్డింగ్ నాటి భోజనాలు మా ఖాతాలో రాయలేదు. స్ట్రీమింగ్ అంకె మీద సందేహం వచ్చి అడిగితే, పంపిణీదారు పంపిన అసలు నివేదికను ముందు పెట్టారు. అమెరికాలో 1980లో మొదలైన డిస్కార్డ్ రికార్డ్స్ కూడా లాభాన్ని కళాకారులతో పంచుకుంటూనే దశాబ్దాలు నిలబడింది కనుక, ఈ పద్ధతి నడవదన్న మాటను నేను ఒప్పుకోను.

చుట్టూ రొయ్యల చెరువులు ఉన్నందున, రాత్రి నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల హోరు పడకుండా రికార్డింగ్ పగలే పెట్టుకున్నారు. గుమ్మెటను కథకుడి గొంతు కింద అణచివేయలేదు. తోలు మీద వేళ్లు పడే చప్పుడు, అందెల గలగల, వంతల తందానతాన దేనికది స్పష్టంగా వినిపిస్తాయి.

లోపం విడుదల విషయంలో ఉంది. మిక్సింగ్ ఆలస్యమై ఆల్బమ్ సంక్రాంతికి అందలేదు, దాంతో కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో పెన్‌డ్రైవ్‌లు అమ్ముకునే అవకాశం పోయింది. మాలాంటి దళాలకు అది చిన్న నష్టం కాదు. ముందస్తు సొమ్ము కూడా ఇవ్వరు కనుక, వెంటనే డబ్బు అవసరమైన వారికి ఈ లేబుల్ సరిపడదు. తమ రికార్డు తమ పిల్లలకు మిగలాలనుకునే హరికథ, సన్నాయి మేళం, వీరనాట్యం బృందాలకు నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వెళ్లేటప్పుడు పాట రాసినవారి సమ్మతి పత్రం, ఇంతకు ముందు వేరే సంస్థతో సంతకం చేసిన కాగితాలు ఉంటే వాటి నకళ్లు వెంట తీసుకెళ్లండి. అవి చూడకుండా వారు మైకు పెట్టరు.