చెరువు గట్టు మీద ఉపగ్రహ ఇంటర్నెట్ ఫోన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

కోనసీమలో ఫోన్ సిగ్నల్ అందని చోటు ఉంటుందంటే బయటివారు నమ్మరు. అమలాపురం, ముమ్మిడివరం చుట్టుపక్కల ఏ ఊళ్లో తలెత్తి చూసినా కొబ్బరి చెట్ల మధ్య ఒక టవర్ కనిపిస్తుంది. అయితే కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ, పాయలు, మడ అడవులు, ఉప్పు నేలలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే ఆ చివరి భాగంలో, ఇళ్లతో పాటు టవర్లు కూడా పలచబడతాయి. మా వనామి రొయ్యల చెరువులు ఉన్నది అక్కడే. గట్టు మీద ఒకే ఒక్క మూల నిలబడితే ఒక గీత సిగ్నల్ వస్తుంది, సముద్రపు గాలి మొదలైతే అదీ నిలవదు. ఫైబర్ తీగ రావాలంటే పాయ దాటాలి, నాలుగు చెరువుల కోసం ఎవరూ ఆ ఖర్చు పెట్టరు. అందుకే షెడ్డు కప్పు మీద వీశాట్ డిష్ (ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ అందించే చిన్న డిష్) పెట్టించి, కొన్నేళ్లుగా ఫోన్ మాటలన్నీ దాని మీదుగానే నడుపుతున్నాము. ఈ ఏర్పాటు గురించి ఆలోచిస్తున్న రైతులకు, పడవల యజమానులకు, లంకల్లో పనిచేసే ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. మాట వరకు ఇది నమ్మదగిన సాధనమే. కానీ అమ్మేవారు చెప్పే డౌన్‌లోడ్ వేగాన్ని చూసి కొనేవారు నిరాశపడతారు, ఎందుకంటే కాల్ బాగుంటుందా లేదా అన్నది ఆ వేగం మీద ఆధారపడదు. అప్‌లోడ్‌ను మీరు ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటారన్న దాని మీద, ఆలస్యానికి తగినట్లు మాట్లాడటం మీ మనుషులకు ఎంత త్వరగా అలవాటవుతుందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఆలస్యం ఎందుకు వస్తుందో తెలిస్తే దానితో సర్దుకోవడం సులభం. ఈ రకం ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమానంగా తిరుగుతూ మనకు ఒకేచోట ఉన్నట్లు కనిపిస్తుంది. 2018లో కక్ష్యలోకి చేరిన ఇస్రో ఉపగ్రహాలు జీశాట్-11, జీశాట్-29 ఈ కోవకు చెందినవే. మన మాట అంత ఎత్తుకు వెళ్లి, మళ్లీ అంత దూరం దిగి, కంపెనీ వారి భూకేంద్రానికి చేరి, అక్కడి నుంచి మామూలు ఇంటర్నెట్‌లోకి వెళుతుంది. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణించినా ఈ రాకకే పావు సెకను పడుతుంది. మోడెమ్, రౌటర్, ఫోన్‌లోని యాప్ తీసుకునే సమయం కలిపితే మన మాట అవతలి చెవికి చేరేసరికి 300 మిల్లీసెకన్లు దాటుతుంది, వారి జవాబు తిరిగి రావడానికి మరో అంత. అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫారసు ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుంది, 400 దాటకుండా చూసుకోవాలి. అంటే మన కాల్ సాధారణంగా ఈ రెండు హద్దుల మధ్యనే ఉంటుంది. ఎంత ఖరీదైన ప్యాక్ తీసుకున్నా ఈ దూరం తగ్గదు.

మనవాళ్లకు ఈ ఆలస్యం మిగతావారికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుందని నాకు అనిపిస్తుంది. ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపు మనం ఊఁ కొడుతూనే ఉంటాము, కొట్టకపోతే వినడం లేదేమోనని అవతలివారు ఆగి, "ఉన్నావా?" అని అడుగుతారు. ఉపగ్రహం మీద ఆ ఊఁ అర సెకనుకు పైగా ఆలస్యంగా వెళ్లి, అవతలివారు తర్వాతి వాక్యం మొదలుపెట్టిన సమయంలో వారి చెవిన పడుతుంది. మనమేదో చెప్పబోతున్నామని వారు ఆగుతారు. ఆ ఆగడం మనకు మరో 300 మిల్లీసెకన్ల తర్వాత తెలుస్తుంది, అప్పుడు మనం "చెప్పు చెప్పు" అంటాము, అది వెళ్లేలోగా వారు మళ్లీ మొదలుపెట్టి ఉంటారు. స్పీకర్ మీద పెడితే పరిస్థితి ఇంకా చెడుతుంది, ఎందుకంటే ప్రతిధ్వని రాకుండా ఫోన్ ఒక వైపు గొంతును అణచివేస్తుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకరి మాట సగానికి సగం పోతుంది. మా షెడ్డులో కుదిరిన పద్ధతి ఏమిటంటే, ఊఁ కొట్టకుండా పూర్తిగా విని, మన మాట అయ్యాక "ఆఁ, నువ్వు చెప్పు" అని వదలడం. ఇయర్‌ఫోన్ వాడితే ప్రతిధ్వని బాధ దాదాపు ఉండదు. కొత్తగా పనికి వచ్చిన కుర్రవాళ్లు వారం తిరగకుండానే దీనికి అలవాటు పడ్డారు. ఇళ్లలో ఉండే పెద్దవాళ్లకు మాత్రం ఎక్కువ కాలం పట్టింది.

ఈ విషయం బేరంలో డబ్బుగా మారుతుంది. పట్టుబడి సమయంలో, అంటే రొయ్యలు పట్టి అమ్మేటప్పుడు, కొనుగోలుదారు ఫోన్ చేసి, 50 కౌంట్‌కు (కిలోకు 50 రొయ్యలు తూగే సైజుకు) ధర చెప్పి మన జవాబు కోసం ఆగుతాడు. మనం వెంటనే కుదరదని చెప్పినా, అతనికి వినిపించేది ముందు మౌనం. బేరంలో మౌనానికి అర్థం ఉంటుంది కదా, మనం తటపటాయిస్తున్నామని అతను అనుకుంటాడు. ఒక పట్టుబడిలో అవతలి మనిషి తను చెప్పిన ధరకు నేను సరేనన్నానని అనుకున్నాడు. నేను సరేనన్నది అంతకుముందు అడిగిన ఐస్ లారీ సంగతికి. అప్పటి నుంచి కౌంట్, ధర, టన్నులు, లారీ వచ్చే వేళ ఇవన్నీ మాట్లాడిన వెంటనే వాట్సాప్‌లో రాసి పంపి, అవతలివారి చేత "ఓకే" అనిపించుకుంటున్నాము. ల్యాబ్ వారితో విబ్రియో (రొయ్యలకు రోగం తెచ్చే బ్యాక్టీరియా) లెక్కలు మాట్లాడేటప్పుడు కూడా ఇదే పద్ధతి.

ఇక మా పనివాళ్లకు ఈ కనెక్షన్ విలువ వేరు. ఈ ప్రాంతం నుంచి కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడవారు ఎందరో ఉన్నారు. మా దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషి భార్య కూడా కువైట్‌లోనే ఉంటుంది. ఆమెకు పని ముగిసేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది, సరిగ్గా అతను ఏరేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు) చూసుకుంటూ మెలకువగా ఉండే వేళ. డిష్ రాకముందు వారానికి ఒకసారి పాయ దాటి ఊళ్లోకి వెళ్లినప్పుడే మాట్లాడుకునేవారు. ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటారు. ఆ కాల్స్‌లో ఆలస్యం గురించి అతను ఒక్కసారి కూడా నాతో ఫిర్యాదు చేయలేదు.

అప్‌లోడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెడిపోయిన కాల్స్‌లో ఎక్కువ భాగానికి కారణం ఇదే. మా చెరువుల మీద సీసీ కెమెరాలు ఉన్నాయి, అవి కదలిక కనిపించినప్పుడల్లా వీడియోను క్లౌడ్‌కు పంపుతాయి. మరోవైపు కుర్రవాళ్ల ఫోన్లు తీసిన ఫొటోలన్నింటినీ వాటంతట అవే బ్యాకప్ చేస్తాయి. వీశాట్‌లో పైకి వెళ్లే దారి సన్నగా ఉంటుంది, అందులో మాట ప్యాకెట్లు (మాటను మోసే చిన్న డేటా ముక్కలు) ఈ వీడియోల వెనుక వరుసలో నిలబడాల్సి వస్తుంది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కడానికి లారీల వెనుక ఇరుక్కున్న మోటార్‌సైకిల్ లాగా. అప్పుడు మనకు అవతలివారి మాట చక్కగా వినిపిస్తుంది, మన మాట మాత్రం వారికి ముక్కలు ముక్కలుగా చేరుతుంది. ఈ లక్షణం కనిపిస్తే ఆకాశాన్ని తిట్టకుండా ముందు అప్‌లోడ్‌ను చూడాలి. రౌటర్‌లో క్యూఓఎస్ అనే అమరిక ఉంటుంది. అందులో మాట ప్యాకెట్లకు మొదటి స్థానం ఇచ్చి, కెమెరాలకు ఒక పరిమితి పెట్టి, ఫొటోల బ్యాకప్‌ను పూర్తిగా ఆపించాము. ప్యాక్ మార్చలేదు, ఒక్క రూపాయి అదనంగా కట్టలేదు, కాల్స్ మాత్రం అదే రోజు బాగుపడ్డాయి.

కాల్ కలిసిన మొదటి రెండు మూడు సెకన్లలో మాట తెగడం మాత్రం మామూలే. మోడెమ్ తనకు సమయపు వంతు కావాలని భూకేంద్రాన్ని అడగాలి, ఆ అడగడానికి కూడా ఉపగ్రహం దాకా వెళ్లి రావాలి. అందుకే ముఖ్యమైన మాట మొదటి వాక్యంలో చెప్పకుండా కుశలం అడగడంతో మొదలుపెట్టడం మంచిది.

డేటా ఖర్చుకు భయపడనవసరం లేదు. మాటను కుదించి పంపే జి.729 పద్ధతిలో మాట సెకనుకు 8 కిలోబిట్లే. అయితే 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వెళ్లే ప్రతి ప్యాకెట్‌కూ 40 బైట్ల చిరునామా భారం తోడవడంతో అది 24 అవుతుంది. రెండు వైపులా కలిపి గంటకు సుమారు 22 ఎంబీ. పాత టెలిఫోన్ నాణ్యత గల జి.711 అయితే అదే గంటకు 72 ఎంబీ. ఓపస్ అనే మరో పద్ధతి వాడే యాప్‌లు దారి ఇరుకైనప్పుడు తమంతట తామే తగ్గించుకుంటాయి కనుక ఉపగ్రహం మీద అవే మెరుగు. వీడియో కాల్ మాత్రం ప్యాక్‌ను రోజుల్లోనే తినేస్తుంది.

యాప్‌లతో పాటు 2019 చివరి నుంచి మన దేశంలో వచ్చిన వైఫై కాలింగ్ కూడా మా ఫోన్లలో పనిచేస్తోంది. ఇందులో మామూలు నంబర్‌కు మామూలుగానే కాల్ చేయవచ్చు, బ్యాంకు ఓటీపీలు కూడా గట్టు మీదికే వస్తున్నాయి. నా వరకు ఈ ఒక్క కారణానికే డిష్ ఖర్చు గిట్టింది. కానీ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చేయాలి. వాట్సాప్ వంటి యాప్‌ల నుంచి 112కు గానీ 108కు గానీ కాల్ వెళ్లదు. రాత్రిపూట పాము కరిచినా, ఏరేటర్ దగ్గర కరెంటు కొట్టినా ఎవరిని పిలవాలో ముందే తేలాలి. మా షెడ్డు గోడ మీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారి వాట్సాప్ నంబర్, పడవ నడిపే ఇద్దరి నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఉంచాము.

చెరువుకూ షెడ్డుకూ మధ్య మాటలకు ఉపగ్రహం వాడకండి. పక్క రైతు కూడా వీశాటే పెట్టించాడు. మాట అతని డిష్ నుంచి భూకేంద్రానికి, అక్కడి నుంచి మళ్లీ పైకెక్కి నా దగ్గరికి రావడంతో ఆలస్యం రెట్టింపై, కేక వేస్తే వినిపించే దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటం కష్టమైంది. మా షెడ్డుల మధ్య ఒక చిన్న కంప్యూటర్‌లో ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, వైఫై మీదనే ఇంటర్‌కామ్ లాగా నడుపుతున్నాము. ఆకాశం మూసుకుపోయినా అది పనిచేస్తుంది.

ఆకాశం మూసుకుపోవడం నిజంగానే జరుగుతుంది. ఇక్కడ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను జోరు వాన మింగేస్తుంది. ముసురు ఏమీ చేయదు గానీ నల్లని మేఘం దక్షిణం వైపు నిలిచి కుండపోతగా కురిస్తే పావుగంట, అరగంట కాల్స్ ఉండవు. మార్చి రెండో వారం ప్రాంతంలోనూ, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజుల పాటు మధ్యాహ్నం వేళ సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వచ్చి కొన్ని నిమిషాలు సిగ్నల్‌ను ముంచేస్తాడు. ఇది లోపం కాదు, టెక్నీషియన్‌ను పిలవనవసరం లేదు. కొబ్బరి చెట్ల విషయంలో మనది అదృష్టం. 74 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-11ను ఇక్కడి నుంచి చూస్తే డిష్ నెత్తి మీదకు, 68 డిగ్రీల ఎత్తుకు, దక్షిణానికి కొంచెం పడమరగా తిరుగుతుంది కనుక పక్కనున్న చెట్లు సాధారణంగా అడ్డురావు. ఉప్పు గాలి మాత్రం కనికరించదు. కేబుల్ చివర కనెక్టర్ లోపలి రాగి ఆకుపచ్చగా మారితే సిగ్నల్ రోజురోజుకూ కొంచెం కొంచెంగా పడిపోతుంది. ఏడాదికోసారి కనెక్టర్లు మార్చి, రబ్బరు టేపు బిగించి చుట్టించాలి.

తుపానుల సంగతి ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. 1996 నవంబరు తుపానులో కబురు అందక ఈ తీరంలో ఎందరు పోయారో ప్రతి ఇంటికీ తెలుసు. 2018 డిసెంబరులో పెథాయ్ తీరం దాటింది కూడా కాట్రేనికోన దగ్గరే. అందువల్ల స్పష్టంగా చెబుతున్నాను, తుపాను రాత్రికి ఈ డిష్‌ను నమ్ముకుని గట్టు మీద ఉండిపోకూడదు. మీటరు వెడల్పు డిష్ ఒక డిగ్రీ పక్కకు జరిగితే చాలు, కనెక్షన్ పోతుంది. హెచ్చరిక వినడానికి, పడవను పిలవడానికి, మనుషులందరినీ పాయ దాటించే వరకు ఇది ఉపయోగపడుతుంది. గాలి తగ్గిన తర్వాత, టవర్లకు కరెంటు ఇంకా రాని రోజుల్లో, మోడెమ్‌కు ఇన్వర్టర్ ఉంటే మళ్లీ ఉపయోగపడుతుంది. మధ్యలోని ఆ రాత్రికి కాదు. ఇక చేతిలో పట్టుకునే థురయా, ఇరిడియం ఉపగ్రహ ఫోన్లు తెప్పించుకోవచ్చా అని కొందరు అడుగుతున్నారు. టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి దగ్గర ఉంచుకోవడం మన దేశంలో నేరం, వద్దు.

భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాలు ఈ కథను మారుస్తాయి. స్టార్‌లింక్‌వి 600 కిలోమీటర్ల లోపు ఎత్తున, వన్‌వెబ్‌వి 1,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వన్‌వెబ్ ఉపగ్రహాల్లో కొన్నింటిని 2022 అక్టోబరులోనూ 2023 మార్చిలోనూ మన శ్రీహరికోట నుంచే పంపారు. అంత దగ్గరగా ఉంటే ఆలస్యం వందలోపు మిల్లీసెకన్లకు దిగుతుంది, అప్పుడు మనవాళ్లు నిశ్చింతగా ఊఁ కొట్టుకోవచ్చు. అయితే అవి ఆకాశంలో కదులుతూ ఉంటాయి కనుక నాలుగు వైపులా ఖాళీ కావాలి. కొబ్బరి తోట మధ్యలో ఉన్న ఇంటికన్నా మా బోడి గట్లకే అవి ఎక్కువ నప్పుతాయి. అంతవరకు వీశాట్ కొనేవారు సంతకం చేసే ముందు అమ్మేవారిని రెండు విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోండి: అందరూ వాడే రాత్రి వేళలో కూడా తగ్గకుండా ఇచ్చే అప్‌లోడ్ ఎంత, డిష్ పక్కకు జరిగితే పాయ దాటి మనిషి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది.