ట్రిప్ కాన్సిల్ అయితే టికెట్ డబ్బులు వస్తాయా? ట్రావెల్ ఇన్సూరెన్స్ పదేళ్లు వాడాక, నాలుగు క్లెయిములు పెట్టాక

దాదాపు పదేళ్ల నుంచి దూరం ఫ్లైట్ ఎక్కిన ప్రతిసారీ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటున్నా, మధ్యలో మూడు కంపెనీలు మార్చా, కాన్సిల్ అయిన ట్రిప్పులకి నాలుగు క్లెయిములు పెట్టా. రెండింటికి డబ్బు వచ్చింది, ఒకదానికి సగమే వచ్చింది, ఒకటి సున్నా. ఆ సున్నా గురించే ముందు చెప్తా, ఎందుకంటే తప్పు నాదే, కాకపోతే అది తప్పని అప్పుడు నాకు తెలీదు.

ప్రయాణం ఇంకో ఐదు రోజులుందనగా మా అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో నిలబడి ఎయిర్‌లైన్ యాప్ తెరిచి కాన్సిల్ నొక్కితే రెండు ఆప్షన్లు చూపించింది. ఒకటి రిఫండ్, అంటే పన్నులు మాత్రమే వెనక్కి, చిల్లర డబ్బులు. రెండోది టికెట్ మొత్తం విలువకి ట్రావెల్ క్రెడిట్, ఏడాదిలోపు వాడుకోవాలి. ఆ టైంలో ఎవరైనా ఏది నొక్కుతారు, నేనూ రెండోదే నొక్కా, పైగా తెలివైన పని చేశాననుకున్నా కూడా. నెల తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి మెయిల్, టికెట్ విలువ క్రెడిట్ రూపంలో మీ దగ్గరే ఉంది కాబట్టి మీకు నష్టమే జరగలేదు, క్లెయిమ్ కొట్టేశాం అని. ఆపరేషన్ అయిన మనిషిని వదిలి ఏడాదంతా మేం ఎటూ కదల్లేదు, ఆ క్రెడిట్ వేరేవాళ్ల పేరు మీదకి మార్చడం కుదరదన్నారు, గడువు అయిపోయింది, అంతే సంగతులు. అదే ఆ చిల్లర రిఫండ్ నొక్కి ఉంటే మిగతాదంతా ఇన్సూరెన్స్ ఇచ్చేది. పాలసీ కాగితంలో ఇది రాసే ఉంది, నేను చదివింది క్లెయిమ్ పోయాక.

అసలు కిటుకంతా ఇదే. ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చేది టికెట్ ధర కాదు, ఎయిర్‌లైన్ దగ్గర్నుంచి ఏ రకంగానూ వెనక్కి రాని భాగం మాత్రమే, అందులోంచి కూడా కొన్ని పాలసీల్లో డిడక్టిబుల్, అంటే మనమే భరించాల్సిన వాటా, కోసుకుంటారు. అందుకే ముందు ఎయిర్‌లైన్‌లో కాన్సిల్ చేసి, ఎంత కట్టారు, ఎంత వెనక్కి ఇచ్చారు, ఎంత పోయింది అని వాళ్ల నుంచి లెటర్ తెచ్చుకోవాలి. ఎలాగూ పోయే డబ్బులే కదా అని కాన్సిల్ చేయకుండా ఊరుకుంటే నో షో, అంటే చెప్పకుండా ఫ్లైట్‌కి రాకపోవడం, కింద పడుతుంది, అప్పుడు క్లెయిమ్‌కి తలనొప్పి మొదలు. ఎవరూ చెప్పరు గానీ నాకు ఇన్సూరెన్స్ వాళ్ల కంటే ఈ ఎయిర్‌లైన్ లెటర్ కోసమే ఎక్కువ ఫోన్లు చేయాల్సి వచ్చింది.

సగం వచ్చిన కథ చిన్నదే. నా టికెట్ డబ్బులిచ్చి కొన్నది, మా ఆయనది మైల్స్‌తో, అంటే ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లతో, తీసుకున్నది. మైల్స్‌కి ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర విలువ లేదు, వాటిని ఖాతాలో తిరిగి వేయించుకోడానికి అయిన ఫీజు మాత్రం ఇచ్చారు.

డబ్బు వచ్చిన రెండూ ఆరోగ్య కారణాలే. అక్కడ డాక్టర్ ఏం రాశాడన్నదే ముఖ్యం. మొదటిసారి మా డాక్టర్ "విశ్రాంతి అవసరం" అని రాసిచ్చారు, కంపెనీ వాళ్లు వెనక్కి పంపారు, మళ్లీ వెళ్లి "ప్రయాణం చేయకూడదు" అన్న మాట, చూసిన తేదీ, జబ్బు పేరు అన్నీ రాయించుకొచ్చా. ఆ తేదీ మీరు టికెట్ కాన్సిల్ చేసిన రోజు కంటే ముందుండాలి, లేదా అదే రోజు అయినా ఉండాలి, తర్వాత తేదీ ఉంటే ఇక ప్రశ్నలే ప్రశ్నలు. రెండోసారి మా నాన్నకి గుండె సమస్య వచ్చినప్పుడు పాత రికార్డులన్నీ అడిగారు. చాలా పాలసీలు కొనే ముందు 60 నుంచి 180 రోజుల్లో జబ్బు కొత్తగా బయటపడిందా, మందు డోసు మారిందా అని వెనక్కి చూస్తాయి, ప్రయాణం చేసేది మనమే అయినా ఇంట్లోవాళ్ల జబ్బుకి కూడా ఇదే లెక్క. అదృష్టం బాగుండి నాన్న బీపీ మాత్ర రెండేళ్లుగా అదే నడుస్తోంది.

ఇక మనసు మారింది, లీవు దొరకలేదు, వీసా రాలేదు, అక్కడ పరిస్థితి చూసి భయమేసింది, ఇలాంటివి మామూలు పాలసీలో చాలావరకు రావు, లిస్టులో ఉన్న కారణాలే కారణాలు. ఏ కారణానికైనా కాన్సిల్ చేసుకోవచ్చు అనే యాడాన్, అంటే అదనపు కవర్, కొన్నిచోట్ల అమ్ముతారు, అది కూడా సాధారణంగా 50 నుంచి 75 శాతమే ఇస్తుంది, మొదటి పేమెంట్ కట్టిన రెండు మూడు వారాల్లోపు కొనాలి, బయల్దేరడానికి 48 గంటల ముందే కాన్సిల్ చేయాలి. నేను ఒకసారి కొన్నా, వాడే అవసరం రాలేదు, ప్రీమియం మాత్రం బాగా బాదారు.

2020లో ఇంకోటి తెలిసింది. మా ఫ్లైట్‌ని ఎయిర్‌లైనే రద్దు చేసింది, అలాంటప్పుడు ఇన్సూరెన్స్ దాకా వెళ్లే పనే లేదు, డబ్బు ఇవ్వాల్సింది ఎయిర్‌లైన్. వాళ్లు మళ్లీ వోచర్ చూపించారు, ఈసారి నేను నొక్కలేదు, నగదే కావాలని పట్టుబట్టి నాలుగు నెలలు మెయిళ్లు పెట్టి తెచ్చుకున్నా. యూరప్ నుంచి బయల్దేరే ఫ్లైట్లకైతే 261/2004 అనే యూరోపియన్ యూనియన్ రూలుంది, ప్రయాణికుడు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే వోచర్, లేకపోతే ఏడు రోజుల్లో డబ్బివ్వాలి. ఆ ఏడాది ఆ ఏడు రోజులు ఎంత సాగాయో డబ్బు అడిగినవాళ్లకి తెలుసు.

ఇప్పుడు నేను చిన్న ప్రయాణాలకి తీసుకోవడం మానేశా, టికెట్ పేజీలో చివర్న వచ్చే టిక్కు పెట్టుకునే పాలసీ అసలే తీసుకోను, అది చాలాసార్లు ఆ ఒక్క టికెట్ వరకే చూస్తుంది. దూరం ట్రిప్ అయి, ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం టికెట్ కొన్న రోజే విడిగా తీసుకుంటున్నా. ఐదుకి మూడున్నర ఇస్తా, ఆ ఒకటిన్నర తగ్గించింది క్లెయిమ్ పెట్టిన ప్రతిసారీ "ఇంకొక్క డాక్యుమెంట్ కావాలి" అని వచ్చే మెయిల్ కోసం.