అమెరికానా, జర్మనీనా? జీడితోట తప్ప మరో ఆస్తి లేని ఇంటికి ఏది మేలు

మా పిన్ని కొడుకు రాజాంలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు "అప్పా (మా వైపు అక్కని అలాగే పిలుస్తారు), ఎంఎస్‌కి అమెరికా వెళ్లమంటావా, జర్మనీ వెళ్లమంటావా?" అని అడిగాడు. ఈ రెండు దారులూ మా ఇంట్లో చూసినవే. పెదనాన్నగారి అబ్బాయి 2022లో అమెరికా వెళ్లాడు, మా తమ్ముడు 2025లో జర్మనీ వెళ్లాడు. ఇద్దరి కాగితాలూ నేనే సర్దాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పలాస, టెక్కలి, సోంపేట వైపు మాలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి.

ముందు డబ్బు సంగతి. మాకున్నది జీడితోట. 2018 తిత్లీ తుపానుకి చెట్లు సగం పైగా పడిపోయాయి, తర్వాత వేసినవి ఇప్పుడిప్పుడే కాపుకి వచ్చాయి. ఆ తోట పాస్‌బుక్ పట్టుకుని నాన్న ఎడ్యుకేషన్ లోన్‌కి బ్యాంకుకి వెళ్తే, వ్యవసాయ భూమి తాకట్టుకి పనికిరాదన్నారు. చాలా బ్యాంకులది ఇదే మాట. నాన్న ఆ పాస్‌బుక్‌ని మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్ని రెండు మడతలు వేసి, జేబులో పెట్టుకుని బయటికొచ్చేశారు. పెదనాన్నకి పలాసలో డాబా ఇల్లుంది కాబట్టి 32 లక్షల లోన్ వచ్చింది. ఇల్లు లేనివాళ్లకి మిగిలేది తాకట్టు లేని ప్రైవేటు లోను, లేదంటే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం! బ్యాంకు లోనులో కూడా వాయిదాలు చదువయ్యాకే మొదలైనా, వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే పడుతుంది. ఈ సంగతి పిల్లలకి ఎవరూ చెప్పరు.

అమెరికాలో కట్టిన ఫీజు కట్టినట్టే పోతుంది. జర్మనీ లెక్క వేరు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటికి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొద్దిపాటి రుసుము కడితే చాలు. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో అంతకంటే ఎక్కువే తీసుకుంటారు. అప్లై చేసేముందు చూసుకోవాలి. వీసాకి మాత్రం 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. యూరో వంద రూపాయలనుకున్నా సుమారు 12 లక్షలు. అయితే అది ఫీజు కాదు, పిల్లాడి పేరు మీదే ఉండే డబ్బు. అక్కడికి వెళ్లాక నెలకి 992 యూరోల చొప్పున వాడి చేతికే వస్తుంది. వీసా రాకపోతే వెనక్కి వస్తుంది. మేం దీనికి తోటలో అరెకరం అమ్మాం. రెండో ఏడు అక్కడ ఉండే పర్మిట్ పొడిగించుకోడానికి ఖర్చులకి డబ్బుందని మళ్లీ చూపించాలి, అది మరిచిపోవద్దు.

వీసా దగ్గర టెన్షన్ అమెరికాదే ఎక్కువ. 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డుకి కట్టేది), 185 డాలర్ల వీసా ఫీజు కట్టి, ఇంటర్వ్యూ స్లాట్ కోసం ఎదురుచూసి, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి వెళ్తే, కిటికీ దగ్గర మూడు ప్రశ్నలతో తేలిపోతుంది. మా వాడికి మొదటిసారి రిజెక్ట్ అయింది. తిరుగు రైల్లో పలాస వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. రెండోసారి వచ్చింది. 2025 మే నెలాఖర్లో కొత్త స్లాట్లే కొన్ని వారాలు ఆపేశారు. ఆ జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు.

జర్మనీది కాగితాల పరీక్ష. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని ఇచ్చేది) తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. మార్కుల లిస్టులు సరిగ్గా ఉన్నవాడికి భయం లేదు, ఓపిక ఉండాలంతే. ఎక్కడికైనా సరే, "ఫండ్స్ మేం చూపిస్తాం" అనే కన్సల్టెన్సీ మెట్లు ఎక్కొద్దు. దొరికితే పిల్లాడి పేరు చెడుతుంది, వాళ్లది కాదు.

వెళ్లాక కుదురుకోవడంలో అమెరికాదే పైచేయి. అన్నయ్య దిగిన రోజే తెలుగు కుర్రాళ్ల గదిలో పప్పన్నం తిన్నాడు. తమ్ముడికి గది దొరకడానికే ఏడు వారాలు పట్టింది. అక్కడ ఇంట్లో చేరిన రెండు వారాల్లో అడ్రసు నమోదు చేయించాలి, దానికి ఇంటివాళ్ల సంతకం ఉన్న కాగితం కావాలి. తెలిసినవాళ్ల గదిలో సర్దుకుంటే ఆ సంతకం ఎవరు పెడతారు? అందుకే అడ్మిషన్ రాగానే స్టూడెంట్ హాస్టల్‌కి అప్లై చెయ్యాలి. మేం ఆలస్యం చేశాం. ఇంకో మాట, అమ్మ సూట్‌కేసులో పెట్టిన నెయ్యి సీసా నేనే తీసేశాను. బయటినుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి తీసుకెళ్లనివ్వరు. అమ్మ ఆ సీసా వంక చాలాసేపు చూసింది.

ఉద్యోగం దగ్గర ఆలోచించాల్సింది ఎక్కువ. అమెరికాలో చదువయ్యాక ఏడాది ఓపీటీ, అంటే అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి, స్టెమ్ కోర్సులకి (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) మరో 24 నెలలు, ఇంగ్లిష్‌తోనే పని. జర్మనీలో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలిస్తారు. క్లాసు ఇంగ్లిష్‌లో జరిగినా, ఆఫీసులో జర్మన్ అడుగుతారు. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు గానీ, భాష రానివాడికి గోడౌన్ పనే ఎక్కువ. తమ్ముడికి ఇప్పుడు అదే గతి, శనివారాలు పెట్టెలు మోస్తున్నాడు.

అందుకని నా మాట ఇది. టౌన్లో ఇల్లో, ఇంట్లో నెల జీతమో ఉండి, పిల్లాడు కోడింగ్‌లో గట్టివాడైతే అమెరికాకి పంపొచ్చు. తోట మీదే బతికే ఇంటికి జర్మనీయే మేలు. అక్కడ అనుకున్నది జరక్కపోతే రెండు మూడేళ్లు పోతాయి, అమెరికాలో జరక్కపోతే ఇల్లే పోతుంది. అయితే విమానం ఎక్కేలోపు బి1 దాకా జర్మన్ నేర్చుకోవాలి (ఏ1, ఏ2 తర్వాత వచ్చే మూడో మెట్టు అది). అంత ఓపిక లేదంటే ఈ సలహా వాడికి పనికిరాదు.

ఇదంతా విని వాడు రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు సాయంత్రం ఫోన్ చేసి, "అప్పా, ఏ1 క్లాసులు ఆన్‌లైన్లో సోమవారం నుంచట, ఫీజు నువ్వు కడతావా?" అన్నాడు. కట్టాను.