జాగ్రత్త: డోర్ టు డోర్ అంటే ఏ డోరో ముందే అడగండి

హైదరాబాద్ నుంచి ఓడలో పంపిన మా ఇంటి సామాను నిన్న సాయంత్రం వచ్చింది. ఇంట్లోకి రాలేదు లెండి. మెల్‌బోర్న్ టార్నీట్‌లో మా ఇంటి ముందు డ్రైవ్‌వే మీద పాలెట్లు దింపి, సంతకం తీసుకుని డ్రైవర్ వెళ్ళిపోయాడు. లోపల పెట్టమని అడిగితే తన కాగితంలో ఆ మాట లేదన్నాడు. పాపం అతని తప్పేం లేదు, నిజంగానే లేదు. మా ఆయన, నేను, పక్కింటి పంజాబీ అబ్బాయి కలిసి చినుకుల్లో 27 పెట్టెలు గరాజ్‌లోకి మోశాం. ఇప్పుడు రాత్రి పదకొండయింది. నడుం నొప్పీ కోపమూ తగ్గకముందే రాసేస్తున్నా, తగ్గాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనని.

కంపెనీ పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కి సామాను పంపాలి అనగానే ఎవరో ఒకరు "మనవాళ్ళే, తెలుగులో మాట్లాడతారు, రేటు తక్కువ" అని ఒక నంబర్ పంపుతారు చూడండి, వాళ్ళే. ఆ 'మనవాళ్ళే' దగ్గరే పడిపోయాను.

మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది, జూన్ 12న ఫ్లైట్. మూడు కొటేషన్లు తీసుకున్నాం. ఒకటి 3 లక్షల 10 వేలు, ఇంకోటి 2 లక్షల 90 వేలు, వీళ్ళది 1 లక్షా 85 వేలు. 5 సీబీఎంకి, డోర్ టు డోర్, 45 రోజులు. సీబీఎం అంటే క్యూబిక్ మీటరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణిస్తే వచ్చేది. మనలాంటి వాళ్ళ ఇంటి సామాను ఓడలో వెళ్తే లెక్క దాని మీదే, బరువు మీద కాదు. ఇది కూడా నాకు తర్వాతే తెలిసింది. లక్ష రూపాయల తేడా ఎందుకొచ్చిందని అడగాల్సింది పోయి, ఎగిరి గంతేశాను. నేను ఎంబీఏ. అదీ ఫైనాన్స్.

కొటేషన్ ఇచ్చినవాడు మొదట్లో నన్ను "అక్కా" అనేవాడు. వీడియో కాల్‌లో ఇల్లంతా చూసి "అక్కా, 5 దాటదు, నాది గ్యారంటీ" అన్నాడు. డబ్బంతా కట్టాక "మేడమ్" అయ్యాను. ప్యాకింగ్ జూన్ 10న, అంటే ఫ్లైట్‌కి రెండు రోజుల ముందు. సాయంత్రం ఆరింటికి లారీ నిండాక వాళ్ళ సూపర్‌వైజర్ టేపు తీసి అటూ ఇటూ కొలిచి, 6.4 వచ్చింది, ఇంకో 52 వేలు కట్టాలన్నాడు. కట్టకపోతే దింపేస్తామన్నాడు. ఇల్లు మర్నాడు ఓనర్‌కి అప్పజెప్పాలి. ఎక్కడ దింపుకోను? బతిమాలి 45 వేలకి ఒప్పించి, గెలిచానని కూడా అనుకున్నాను. ఆ పూట ఎవరికి వాళ్ళు పని తొందరలో ఉన్నాం, పెట్టెల్లో ఏం వేసి కడుతున్నారో పక్కన నిలబడి చూడలేదు. దానికి మళ్ళీ వస్తాను.

సరే, లారీ వెళ్ళింది. ముంబై దగ్గర నవా షేవా పోర్టులో మా సామానుతో పాటు ఇంకొందరిది కలిసి కంటైనర్ నిండే దాకా ఆగింది. కొలంబోలో ఓడ మారింది. జూలై అంతా "ఆన్ ది వే మేడమ్" అనే మెసేజే. ఆగస్టు మూడో వారంలో ఇక్కడి ఏజెంట్ ఒకరి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మీ సామాను డిపోకి చేరింది, ఈ బిల్లు కట్టి విడిపించుకోండి, మూడు రోజులు ఫ్రీ, తర్వాత స్టోరేజీ రోజుకు 30 డాలర్లు. బిల్లు చూస్తే 1,480 డాలర్లు. పదకొండు లైన్లు. టెర్మినల్ హ్యాండ్లింగ్, డెలివరీ ఆర్డర్, అన్‌ప్యాక్, డాక్యుమెంటేషన్, క్లియరెన్స్, చివర్లో డెలివరీ కూడా. అన్నీ కట్టేసిన డోర్ టు డోర్‌కి మళ్ళీ డెలివరీ!

మధ్యాహ్నం రెండున్నరకి, అక్కడ పది అవుతుంది, ఆఫీసు తీసి ఉంటారని ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను. పక్కన అత్తయ్య కందులు ఏరుతున్నారు. నేను గొంతు పెంచకుండానే అడిగాను, బాబూ, మీ మెయిల్‌లో డోర్ టు డోర్ అని రాశారు, మరి ఈ బిల్లేంటి అని.

"డోర్ టు డోరే కదా మేడమ్ చేసింది."

"సామాను డిపోలో ఉంది. నా ఇంటికి రాలేదు."

"పోర్టుకి గేటు ఉంటుంది కదా మేడమ్. అదీ డోరే."

వెనకాల ఎవరో నవ్వారు. కిసుక్కున కాదు, బాగానే నవ్వారు. టీ తాగుతూ నవ్వినట్టు గ్లాసు చప్పుడు కూడా వినిపించింది. అత్తయ్య చేట మీద చెయ్యి ఆపి నా మొహం చూశారు. రెండు నెలల క్రితం "అక్కా, మీ ఇల్లు నా ఇల్లు అనుకోండి" అన్న గొంతే అది. నేను ఏమన్నానో తెలుసా? "అలాగా అండీ" అన్నాను. అండీ! వాడికి! ఇరవై మందితో టీమ్ నడిపిన దాన్ని, ఇంటి పనిమనిషి సెలవు పెడితే లెక్క అడిగిన దాన్ని, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. అనాల్సిన మాటలన్నీ రాత్రి రెండింటికి వరసగా వచ్చాయి. అప్పుడు ఎవరికి చెప్పను, సీలింగ్‌కా?

అక్కడితో ఆపినా బాగుండేది. "చదువుకున్నవాళ్ళే కదా మీరు, టర్మ్స్ చదువుకోవాలి" అని కూడా అన్నాడు. కొటేషన్ నాలుగో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, గమ్యస్థానంలో పడే ఖర్చులన్నీ కస్టమరే పెట్టుకోవాలని ఉంది. మొదటి పేజీలో ఏమో రంగుల్లో డోర్ టు డోర్. మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ మర్నాడు నా నంబర్ బ్లాక్.

ఇక్కడి ఏజెంట్ మంచిగానే మాట్లాడింది, కానీ తనకి తెలిసిన పార్టీ ముంబైలో కంటైనర్ నింపినవాళ్ళేనట, మా హైదరాబాద్ మహానుభావుడెవరో తనకి తెలియదట. కార్గో లైన్‌లో పనిచేసే మా ఫ్రెండ్ వాళ్ళాయన అసలు సంగతి విప్పి చెప్పారు. కలిపి పంపే సామానులో ఇండియాలో రేటు చవగ్గా చూపించడానికి ఒక కిటుకు ఉంటుందట. ఇక్కడి ఏజెంట్ అక్కడివాళ్ళకి సీబీఎంకి ఇంత అని తిరిగి ఇస్తాడు. అది, దాని మీద లాభం కలిపి దిగిన చోట మన దగ్గర వసూలు చేసుకుంటాడు. సామాను వాడి గుప్పిట్లో ఉంది కాబట్టి కట్టక చస్తామా? లక్ష తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆ లక్ష ఎక్కడికీ పోలేదు, నా కోసం మెల్‌బోర్న్‌లో కాచుకుని కూర్చుంది.

ఇంకా అయిపోలేదు. ఆస్ట్రేలియాలో బయోసెక్యూరిటీ, అంటే బయటి పురుగులూ తెగుళ్ళూ రాకుండా చేసే తనిఖీ, ఎంత గట్టిదో అందరికీ తెలుసు. పచ్చళ్ళు, పప్పులు, చీపుర్లు పెట్టకూడదని నాకూ తెలుసు, పెట్టలేదు. చెప్పుల అడుగులు కూడా బ్రష్‌తో కడిగాను. కానీ మా ప్యాకర్లు బబుల్ ర్యాప్ మిగుల్చుకోవడానికి ఒక చెక్కపెట్టెలో ఎండుగడ్డి కుక్కారు. ఇంకో రెండు పెట్టెలు లోపల ఆపిల్ పండ్ల అట్టపెట్టెలు, పైన కంపెనీ టేపు. గడ్డి, పండ్ల పెట్టెలు ప్యాకింగ్‌కి ఇక్కడ పనికిరావు. అంతర్జాతీయ ప్యాకింగ్ నిపుణులకి ఆ ముక్క తెలియదు! ఆఫీసర్ చూసి మూడు దారులు చూపించారు: నా ఖర్చుతో ట్రీట్‌మెంట్, లేదా వెనక్కి పంపడం, లేదా ధ్వంసం. ట్రీట్‌మెంట్‌కి 420. ఈ గొడవలో స్టోరేజీ 8 రోజులు, 240. ముందటి బిల్లుతో కలిపి మొత్తం 2,140 డాలర్లు. రూపాయల్లో లక్షకి పైమాటే. పైన ఆ 45 వేలు. మొదటి కొటేషన్ 3 లక్షల 10 వేలు ఇచ్చినవాళ్ళు "మాది ఖరీదే మేడమ్, కానీ లోపల పెట్టి, విప్పి, చెత్త కూడా తీసుకెళ్తాం" అన్నారు. నేను వాళ్ళని దోపిడీదారులు అన్నాను. మా ఆయన దగ్గర అన్నాను, ఆయన మర్చిపోలేదు. రోజూ గుర్తు చేస్తున్నారు.

83వ రోజున, నిన్న, సామాను వచ్చింది. మొదట ఆ చెక్కపెట్టె విప్పాను. అందులో అత్తయ్య కొండపల్లి బొమ్మలు ఉన్నాయి. విజయవాడలో కాపురం పెట్టిన కొత్తల్లో కొన్నవట, ఏటా సంక్రాంతికి కొలువులో పెడతారు. తెల్లపొణికి చెక్క, చేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు. వాటి పక్కనే, అదే పెట్టెలో, వెట్ గ్రైండర్ రాయి పెట్టారు. రాయి! గట్టిగా కట్టి ఉంటే అదో రకం, వదులుగా వదిలేశారు. హైదరాబాద్ నుంచి ఇక్కడి దాకా ఆ రాయి దొర్లుతూనే ఉండుంటుంది. ఎడ్లబండికి ఒక చక్రమే మిగిలింది. అంబారీ ఏనుగు బాగానే ఉంది, తొండం కొసన రంగు లేచిందంతే. దాని మీద మావటివాడికి తల లేదు. అడుగున రజను అంతా జల్లించినట్టు వెతికాం, దొరకలేదు. అత్తయ్య ఏమీ అనలేదు. ఏనుగుని పైట చెంగుతో తుడిచి కిటికీలో పెట్టారు. నన్ను నాలుగు తిట్టినా తేలిగ్గా ఉండేది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారేమో. 11 వేలు కట్టాను. కాగితం తీసి చూస్తే అది పాలసీ కానే కాదు, వాళ్ళ లెటర్‌హెడ్ మీద "రిస్క్ కవరేజీ" అని రసీదు. కన్‌సైన్‌మెంట్ మొత్తం పోతేనే వర్తిస్తుందట. అంటే ఓడ మునగాలి. ఒక్క పెట్టె తేలినా నాకు రూపాయి రాదు.

హైదరాబాద్‌లో మా తమ్ముడు కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాడు. అటు కన్జ్యూమర్ కమిషన్‌కి కూడా వెళ్తాం. ఫిర్యాదు చేసేవాళ్ళు ఉన్న చోటే కేసు వేసే వీలు 2019 వినియోగదారుల చట్టంలో ఉందని లాయర్ గారు చెప్పారు, మా అమ్మగారింటి అడ్రస్‌తో కుదురుతుందేమో అడగాలి. డబ్బు వస్తుందని పెద్ద ఆశ లేదు. ఆ "గేటు కూడా డోరే" అనే మాట వాడు ఒకసారి కమిషన్ ముందు చెప్తే చాలు నాకు.

వచ్చే నెలల్లో బయల్దేరుతున్నవాళ్ళు, తొందరలో గుర్తొచ్చినవి రాస్తున్నా. దిగిన చోట పడే టెర్మినల్, డెలివరీ ఆర్డర్, డిపో, క్లియరెన్స్, ఇన్‌స్పెక్షన్ ఖర్చులు ఎవరివో, సామాను ఇంటి లోపలి దాకా తెస్తారా లేదా అనేది మెయిల్‌లో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించుకోండి. "అన్నీ ఇంక్లూడెడ్ అక్కా" అనే వాట్సాప్ వాయిస్ మెసేజ్ చిత్తు కాగితం కింద లెక్క. ప్యాకింగ్ ఫ్లైట్‌కి కనీసం వారం ముందు పెట్టుకోండి, టేపు మీ చేతిలో పట్టుకోండి. ఇన్సూరెన్స్ అంటే బీమా కంపెనీ పాలసీ నంబర్ చూపించమనండి. ఫిడి అని ఇలా దేశాల మధ్య ఇంటి సామాను చేర్చే కంపెనీల అంతర్జాతీయ సంఘం ఒకటుంది, అందులో సభ్యత్వం ఉందని లోగో పెట్టుకుంటే ఫిడి వాళ్ళ సైట్‌లో సభ్యుల జాబితా ఉంటుంది, చూసుకోండి. నేను లోగో చూసి ఊరుకున్నాను. ఏడాదికి పైగా వాడిన వస్తువులైతే ఇక్కడ మామూలుగా సుంకం పడదు, కాబట్టి వెళ్తున్నాం కదా అని కొత్త మిక్సీలు, కుక్కర్లు కొని పెట్టెల్లో వేయకండి. గడ్డి సంగతి చెప్పాను కదా.

ఇది రాస్తుంటే వేరే నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా, సామాను సేఫ్‌గా అందింది కదా, గూగుల్‌లో ఫైవ్ స్టార్ ఇవ్వగలరు." మళ్ళీ అక్కనయ్యాను.

గరాజ్‌లో ఇంకా తొమ్మిది పెట్టెలు ఉన్నాయి. ఒకదాన్ని కదిపితే లోపల గాజు ముక్కల చప్పుడు వస్తోంది. అది పూజ గదిలో ఫోటోలదో, మా పెళ్ళి ఫోటోదో. రేపు మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక విప్పుతాను.