ఆక్టోపస్ హోల్డర్లు: నేను వాడినవి, పక్కన పెట్టేసినవి

స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున డైవింగ్) చేసేవాళ్ళకి తెలిసిందే, సిలిండర్ గాలి పీల్చడానికి నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ కాకుండా పసుపు హోస్‌తో ఇంకొకటి ఉంటుంది, దాన్నే ఆక్టోపస్ అంటాం. పక్కనున్న మనిషికి గాలి అయిపోతే అతని నోట్లో పెట్టాల్సింది అదే. అంటే డైవ్ అంతా కదలకుండా ఛాతీ మీద ఉండాలి, అవసరమైన క్షణంలో ఒక్క లాగుడుకి ఊడి రావాలి. ఈ రెండూ కలిసి దొరికే హోల్డర్ కోసం నేను చాలానే తిరిగాను, అందుకే రాస్తున్నాను.

నాకు ఈ పట్టింపు అండమాన్‌లోని హావ్‌లాక్‌లో (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) ఒక డైవ్ తర్వాత వచ్చింది. అద్దె సామాను, బీసీడీకి (గాలి నింపుకునే డైవింగ్ జాకెట్‌కి) హోల్డర్ లేదు, హోస్ మడిచి జేబులో దోపి ఇచ్చారు, నేనూ ఏమీ అనలేదు. 18 మీటర్ల దగ్గర మా బడ్డీ (జంటగా దిగిన తోటి డైవర్) సిలిండర్ గేజ్ చూపించాడు, 50 బార్ ఉంది, అంటే గాలి తక్కువే, ఎందుకైనా మంచిదని ఆక్టో ఇమ్మని సైగ చేశాడు. లాగితే రాలేదు. హోస్ మడత జేబు వెల్క్రో కింద ఇరుక్కుంది, రెండు చేతులతో విడదీయాల్సి వచ్చింది. ఆ లోతులో మన చుట్టూ ఒత్తిడి 2.8 బార్, ఒక్కో శ్వాసకి పైన పట్టేదానికి దాదాపు మూడింతల గాలి ఖర్చవుతుంది, టెన్షన్ పడితే ఇంకా ఎక్కువ. అతని సిలిండర్‌లో ఇంకా గాలి ఉంది కాబట్టి సరిపోయింది. జేబులో పెట్టడం అన్న ఆలోచన ఆ రోజుతో వదిలేశాను.

మొదట కొన్నది సిలికాన్ రింగు. రెండు కన్నాలు ఉంటాయి, ఒకటి బీసీడీ మీదుండే డీ-రింగ్‌కి (D ఆకారపు వలయం), రెండోదాంట్లో హోస్ మడత దోపాలి. అన్నిటికంటే చవక, పాడయ్యే భాగమే లేదు, ఏ అద్దె బీసీడీకైనా నిమిషంలో పడుతుంది. కానీ ఎండకి, ఉప్పు నీటికి సాగిపోతుంది. నాది రెండో సీజన్‌లో వదులైపోయి ఆక్టో ఎప్పుడు జారిందో కూడా తెలియలేదు, కింద ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్ళాను. ఇసుక రేణువు ఒకటి, వదిలిన ఊపిరి బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్‌లో చేరితే చాలు, తర్వాత పీల్చినవాళ్ళకి గాలితో పాటు నీళ్ళు కూడా వస్తాయి. వేలాడే రెగ్యులేటర్ పగడాలకి తగిలితే వాటికీ దెబ్బే. అందుకే రింగు వాడేవాళ్ళు ఏడాదికోసారి మార్చేయండి, అది పెద్ద ఖర్చు కాదు.

మౌత్‌పీస్‌లోకి (పళ్ళతో పట్టుకునే రబ్బరు భాగం) దూరే ప్లగ్ రకం నాకు అసలు నచ్చలేదు. ఇసుక లోపలికి పోదు, నిజమే. కానీ నేరుగా లాగితేనే వస్తుంది, పక్కనుంచి లాగితే మొరాయిస్తుంది. భయపడిన మనిషి నేరుగా లాగుతాడని ఎలా అనుకుంటాం? పైగా ప్లగ్‌ని బీసీడీకి పట్టి ఉంచే క్లిప్ తెగితే ప్లగ్ మౌత్‌పీస్‌లోనే ఉండిపోవచ్చు, అప్పుడు అతను పీల్చేది దేన్ని?

అయస్కాంతం రకం వాడటానికి చాలా హాయి. దగ్గరికి తెస్తే దానంతటదే అతుక్కుంటుంది, గ్లౌజులు ఉన్నా ఇబ్బంది లేదు, ఎటు నుంచి లాగినా వస్తుంది. రెండు సమస్యలు చూశాను. ఒకటి, గేజ్‌లుండే కన్సోల్‌లో ఉన్న దిక్సూచి దాని దగ్గరికి వస్తే ముల్లు పక్కకి తిరుగుతుంది, చూసుకోకుండా ఈదితే బోటు ఒకవైపు, మనం ఒకవైపు. రెండోది మన విశాఖ, భీమిలి వైపు దిగేవాళ్ళ కోసం: అక్కడి తీరం ఇసుకలో నల్ల ఖనిజ రేణువులు కలిసి ఉంటాయి, బ్యాగు ఒడ్డున పెడితే చాలు అయస్కాంతం చుట్టూ మీసాల్లా అంటుకుంటాయి. కడిగినా పూర్తిగా పోవు, పట్టు తగ్గుతుంది. ఆ ప్రాంతంలో తడి గుడ్డలో చుట్టి పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు నేను వాడేది మెడలో సాగే బంగీ తాడు. మూరన్నర తాడు, రెండు ముడులు, మౌత్‌పీస్ దగ్గర జిప్ టై, అంతే. గడ్డం వంచితే ఆక్టో చేతులు పెట్టకుండానే నోటికి అందుతుంది. ఇది ఫ్లోరిడా గుహల్లో డైవ్ చేసేవాళ్ళ నుంచి వచ్చిన పద్ధతి, కానీ సగమే తీసుకుంటే ప్రమాదం. వాళ్ళు ఎదుటివాళ్ళకి ఇచ్చేది మెడలోది కాదు, తమ నోట్లో ఉన్నది. అది పని చేస్తోందని అప్పటికే తెలుసు కదా, దాన్ని ఇచ్చేసి తాము మెడలోది పెట్టుకుంటారు. ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు ఈదాలి కాబట్టి ఆ ఇచ్చేదాని హోస్ 7 అడుగులు ఉంటుంది. మామూలు పసుపు ఆక్టోకే ఈ తాడు కట్టేసి, దాన్నే బడ్డీ లాగుతాడని ఊరుకుంటే మీ మెడ కూడా దాంతోపాటే వెళ్తుంది. కాబట్టి సొంత రెగ్యులేటర్ ఉండి, పొడవు హోస్ వేసుకుని, ఎవరికి ఏది ఇస్తారో బోటు మీదే బడ్డీకి చెప్పి, నాలుగుసార్లు ప్రాక్టీస్ చేసే ఓపిక ఉంటేనే దీనికి మారండి. అలా మారినవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం.

అద్దె సామానుతో దిగేవాళ్ళకి నా సలహా కొత్త సిలికాన్ రింగే, సొంతది ఒకటి బ్యాగులో ఉంచుకోండి. గడ్డం నుంచి కింది పక్కటెముకల వరకు ఒక త్రికోణం ఊహించుకుని అందులోనే తగిలించండి, అందరూ వెతికేది అక్కడే. మౌత్‌పీస్ కిందికి ఉండాలి, ఆక్టో మీద గాలి ధార సర్దే లివర్ ఉంటే మైనస్ వైపు తిప్పాలి, లేకపోతే నీళ్ళలోకి దూకగానే ఫ్రీ ఫ్లో అయ్యి గాలి బుసబుసా పోతుంది. దూకే ముందు బడ్డీ చేత ఒకసారి లాగించి చూడండి.

హావ్‌లాక్‌లో ఆ రోజు నాతో దిగిన బడ్డీ కూడా ఈమధ్యే పొడవు హోస్‌కి మారాడు. మెడ కొలత తీసుకుని తాడు నేనే కట్టిచ్చాను.